సూత్రధారుడి ఇంట క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే బ్రిటన్ దేశపు పత్రికలలోనూ, రేడియోలోనూ, టీవీలోనూ ఒక తంతు తప్పక జరుగుతుంది. ఆ యేడు క్రిస్మస్‌కు ప్రత్యేక భాగం ప్రసారం కానున్న హాస్య ధారావాహికలోని (సిట్‌కామ్ అని వ్యవహారం) నటీనటులను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు వేస్తారు. ఈ పండుగ భాగంలో ఏమి జరుగబోతున్నది? మీ ఇంట్లో క్రిస్మస్ ఎట్లా జరుపుకొంటారు? కథ ముందే బయటపడరాదు గనుక మొదటి ప్రశ్నకు నటులు నవ్వి దాటవేస్తారు. రెండవదానికి మాత్రం ఉత్సాహంగా బదులిస్తారు. టర్కీ కోడిని వండేదెవరు, ఎవరికీ గిట్టని చిట్టి క్యాబేజీలు ఏటేటా బల్లమీదికి ఎందుకు వస్తాయి, భోజనానంతరం ఏ ఆట ఆడతారు, మధ్యాహ్నం మూడింటికి రాజుగారి ప్రసంగం వింటారా, నిద్రపోతారా - ఇట్టివన్నమాట.

ఇదంతా ఊకదంపుడనీ, ప్రచారం కోసం పెట్టే సొల్లు కబుర్లనీ విజ్ఞులు చప్పరిస్తారు. నా అభిప్రాయం వేరు. ఆ రెండవ ప్రశ్న మొదటిదానికంటె విలువైనది. అది నాటకకళకు ఈ మధ్య మొలిచిన తోక కాదు. మన ప్రాచీనులు దానిని నాటకానికి శిరస్సున నిలిపారు. దానికి వారు పెట్టిన పేరు ప్రస్తావన.

సంస్కృత నాటకంలో నాందీ ముగిసిన పిమ్మట సూత్రధారుడు ప్రవేశిస్తాడు. అప్పటికి అతడు ఏ రాజూ కాడు, ఏ మంత్రీ కాడు, వట్టి నటుడు. నటిని పిలిచి నాలుగు మాటలాడతాడు. శూద్రకుని మృచ్ఛకటికంలో ఈ ఘట్టాన్ని చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. చాలాసేపు సంగీతం సాధన చేసి, ఆకలితో కళ్ళు తిరుగుతూ సూత్రధారుడు ఇల్లు చేరతాడు. ఇంట్లో చూడబోతే వంటల హడావుడి. తినడానికి ఏమున్నదని అడిగితే ఇల్లాలు నెయ్యీ పెరుగూ అంటూ ఊరించి, అవన్నీ అంగడిలో ఉన్నాయని వేళాకోళం చేస్తుంది. తాను చక్కని భర్త దొరికే వ్రతం పడుతున్నానంటుంది. ఈ లోకంలోనా, పై లోకంలోనా అని అతడడుగుతాడు. పై లోకంలోనని ఆమె బదులు. నా అన్నం ఖర్చు చేసి పరలోకంలో మొగుణ్ణి వెతుక్కొంటున్నదే అని అతడి ఉక్రోషం!

హర్షుని రత్నావళిలో సందర్భం వసంతోత్సవం. ఊరంతా వేడుకగా ఉంటే నటి మాత్రం దిగులుగా ఉంటుంది. కారణం, ఒక్కగానొక్క కూతురిని ఎక్కడో దూరదేశపు వరుడికి ఇస్తామని మాట ఇచ్చారు. పండుగ, నాటకం, నటుల ఇంటి గోడు - మూడూ ఒకే చోట కలిసినవి. బ్రిటన్ నటులను డిసెంబరులో అడిగే ప్రశ్నలకు ఇంతకంటె పాత ఆధారం ఏమి కావాలి?

ప్రేక్షకుడికి దీనివల్ల ఒరిగేదేమిటని అడుగవచ్చును. సూత్రధారుడి ఆకలిని చూసి నవ్విన ప్రేక్షకుడు కాసేపటికి చారుదత్తుని దారిద్ర్యాన్ని చూడబోతున్నాడు. ఆ నవ్వు అతడి మనసును మెత్తబరచి ఉంచింది. వేడుకల వెనుక ఎవరో ఒకరు పస్తున్నారన్న ఎరుక అతడికి ముందుగానే కలిగింది. పండుగ హాస్యం చేయవలసిన పని ఇదేనని నేను నమ్ముతాను.

ఆంగ్లేయుల ఉత్తమ క్రిస్మస్ భాగాలు ఈ పని చేశాయి. 1977 డిసెంబరు 26న బీబీసీలో వచ్చిన 'ది గుడ్ లైఫ్' భాగాన్ని చూడండి. లండను శివారు సర్బిటన్‌లో రెండు ఇళ్ళు పక్కపక్కన ఉంటాయి. ఒక ఇంట టామ్, బార్బరా దంపతులు. ఉద్యోగం విడిచిపెట్టి పెరట్లోనే కూరలు పండించుకొని, పందులను మేపుకొని బ్రతుకుతుంటారు. రెండవ ఇంట కలవారు మార్గో, జెర్రీ. మార్గోకు పండుగ మొత్తం దుకాణం నుంచి బండిలో రావాలి. తిండి, పానీయాలు, చెట్టు, సమస్తమూ. తీరా వచ్చిన చెట్టు ఆమె చెప్పినదానికంటె ఆరంగుళాలు పొట్టి! తిప్పి పంపుతుంది. చెట్టుతోపాటు మిగిలిన సరుకంతా వెనక్కి పోతుంది. పండుగనాడు ఆ కలవారి ఇంట ఏమీ లేదు. పేదింటివారు పిలుస్తారు. అక్కడ తలకు పెట్టుకొనే కాగితపు కిరీటాలు పాత వార్తాపత్రికలతో చేసినవి. మార్గోకు వచ్చిన చిక్కల్లా తన కిరీటం తనకు గిట్టని పత్రికతో చేసినదన్నదే! ఆరంగుళాల కొరత వల్ల పోయిన పండుగ ఒక చిత్తుకాగితం వల్ల తిరిగి వచ్చింది.

బార్బరా పాత్రధారిణి ఫెలిసిటీ కెండల్‌కు మన దేశంతో సంబంధం ఉన్నది. ఆమె తండ్రి జెఫ్రీ కెండల్ 'షేక్స్‌పియరానా' అనే నాటక సమాజంతో భారతదేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఆమె బాల్యం ఆ సంచారంలోనే గడిచింది. అక్క జెన్నిఫర్ శశికపూర్‌ను పెళ్ళాడింది. ఆ సమాజపు జీవితానికి ఛాయగా జేమ్స్ ఐవరీ 1965లో తీసిన 'షేక్స్‌పియర్ వాలా'లో ఫెలిసిటీ కథానాయిక. ఇల్లూ రంగస్థలమూ వేరు కాని కుటుంబంలో పెరిగిన నటి, ఉన్నదానితో పండుగ చేసే ఇల్లాలి పాత్రలో అంతగా ఒదిగిపోవటం నాకు ఆశ్చర్యం కలిగించదు.

ఇంకొక ఉదాహరణ. 1999 క్రిస్మస్ నాటి 'ది రాయిల్ ఫ్యామిలీ'. మాంచెస్టరులో ఒక శ్రామిక కుటుంబం. ఈ ధారావాహికలో కథ అన్నది బహు స్వల్పం. అందరూ సోఫాలో కూలబడి టీవీ చూస్తూ కబుర్లాడుతుంటారు. ఆ పండుగనాడు నిండు గర్భిణి అయిన కూతురు డెనీస్‌కు నొప్పుల వేళ వస్తుంది. తండ్రి జిమ్, నోరు తెరిస్తే బండమాట తప్ప రానివాడు, స్నానాలగదిలో ఆమె పక్కన కూర్చొని ధైర్యం చెబుతాడు. తండ్రి రికీ టామ్లిన్సన్. కూతురు కరొలైన్ అహర్న్. ఆ ధారావాహికను క్రేగ్ క్యాష్‌తో కలిసి వ్రాసినదీ ఆమెయే, 2016లో మరణించింది. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ విభజించాడు. తాను నవ్వటం ఒకటి, ఇతరులను నవ్వించటం మరొకటి. ఈ సన్నివేశంలో నవ్వుతున్నవాడికి తాను ఎవరిని చూసి నవ్వుతున్నాడో తెలియదు. ఆ బండవాడైన తండ్రిలో అతడికి తన తండ్రి కనిపిస్తాడు.

ఇక నటుల సొంత పండుగ మాట. క్రిస్మస్ భాగాలను డిసెంబరులో చిత్రీకరించరు. 'గావిన్ అండ్ స్టేసీ' 2019 నాటి ప్రత్యేక భాగాన్ని వేల్స్‌లోని బారీ పట్టణంలో ఎండాకాలంలోనే తీశారు. ఎండలో ఉన్నికోట్లు తొడుక్కొని, చలికి వణుకుతున్నట్టు నటించటం ఆ వృత్తిలో భాగం. డిసెంబరు వచ్చేసరికి ఆ దేశపు నటులు చాలామంది 'పాంటోమైమ్' అనే పండుగ నాటకాలలో ఉంటారు. రోజుకు రెండేసి ఆటలు. వారికి దొరికేది తరచుగా ఆ 25వ తేదీ ఒక్కటే. రేపు మళ్ళీ ముఖానికి రంగు పూసుకోవలసినవాడిని, ఈ ఒక్క రోజు మీ ఇంట ఏమి చేస్తారని అడిగితే, అది వట్టి కబురెట్లా అవుతుంది? ఊరంతటికీ పండుగ పంచినవాడికి తన వాటాకు మిగిలినదెంతో తెలిపే లెక్క అది. సంగీతసాధన ముగించి ఆకలితో ఇల్లు చేరిన సూత్రధారుడి లెక్క కూడా ఇదే.

2019 డిసెంబరులో మేము మా అమ్మాయి ఇంట, ఇంగ్లండులో ఉన్నాము. క్రిస్మస్‌నాడు అక్కడ రైళ్ళు కూడా నడవవు. వీధిలో పిల్లి కూడా కనబడదు. ఆ రాత్రి 'గావిన్ అండ్ స్టేసీ' చూడటానికి పొరుగింటి పెద్దావిడను మా అమ్మాయి పిలిచింది. ఆవిడ భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. అందులో బ్రిన్ అనే మేనమామలాంటి పెద్దమనిషి (రాబ్ బ్రైడన్ ధరించిన పాత్ర) ఇంతమందికి తానొక్కడే విందు వండవలసి వచ్చి కంగారుతో సతమతమవుతాడు. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ కంగారుకు ఆమె, ఆ పెద్దావిడ ఒకేసారి పకపకా నవ్వారు. ఇంటిల్లిపాదికీ వండి ఎరిగిన ఇద్దరు స్త్రీల నవ్వు అది. దానికి అనువాదం అవసరం లేకపోయింది.

ఇక ఆక్షేపణల సంగతి. ఈ భాగాలలో కోడికీ కేకుకూ ఉన్న చోటు క్రీస్తుకు లేదని కొందరంటారు. నిజమే. కోస్తా జిల్లాల మన క్రైస్తవ కుటుంబాలలో ఇంటిముందు నక్షత్రం, రాత్రి పాటలు, తెల్లవారి ఆరాధన ముందు, విందు తరువాత. బ్రిటన్ హాస్యంలో విందే ముందు. అయితే ఆ విందుబల్ల దగ్గర ఒంటరివాడికి కుర్చీ వేయటం ఈ కథలలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 'వికార్ ఆఫ్ డిబ్లీ' 1996 క్రిస్మస్ భాగంలో గ్రామ మతాచార్యురాలు ఎవరినీ కాదనలేక ఒక్క రోజున ఎన్నో ఇళ్ళలో నిండు భోజనాలు చేస్తుంది. మనము కడుపుబ్బ నవ్వుతాము గాని, ఆమె వెళ్ళకపోతే వారి బల్ల దగ్గర కూర్చొనేవారెవరు?

నటుల జవాబులన్నీ ఒక్క తీరుగా ఉంటాయన్నది రెండవ ఆక్షేపణ. ఇది బలమైనదే. బడిలో ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత 'సంక్రాంతి పండుగ' వ్యాసం వ్రాయించినవాడిని నేను. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, అరిసెలు - నలభై వ్యాసాలూ ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. ఒక యేడు ఒక అమ్మాయి వ్రాసింది: భోగినాడు మా అమ్మ ఇతరుల ఇళ్ళలో అరిసెలు వండి రాత్రికి వచ్చింది, మా అరిసెలు కనుమనాడు చేసుకొన్నాము అని. రెండే వాక్యాలు, అందులోనూ అక్షరదోషాలు. తరగతిలో అత్యధిక మార్కులు ఆ అమ్మాయికే వేశాను. మూస జవాబు మూస ప్రశ్నకు పుడుతుంది. అట్లాగని అడగటమే మానుకొంటే, ముప్పయ్యేళ్ళకొకటి వచ్చే ఆ రెండు వాక్యాలూ రాకుండా పోతాయి.

ఇది ఇప్పుడు మరీ ముఖ్యం. ఏమన, అందరూ కలిసి ఒకే నవ్వు నవ్వే సందర్భాలు తరిగిపోతున్నవి. 1996 డిసెంబరు 29న 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' పండుగ భాగాన్ని రెండు కోట్ల నలభై మూడు లక్షలమంది చూశారు. 'గావిన్ అండ్ స్టేసీ'ని ప్రసారమైన రాత్రే చూసినవారు 2019లో ఒక కోటి పదహారు లక్షలు, 2024 డిసెంబరు 25న వచ్చిన చివరి భాగానికి ఒక కోటి ఇరవై మూడు లక్షలు. ఎవరి గదిలో వారు, ఎవరి తెర వారు చూసుకొనే ఈ కాలంలో ఇది చిన్న సంఖ్య కాదు. అయినా ముప్పయ్యేళ్ళనాటి దానిలో సగమే. తాతా మనుమడూ ఒకే మాటకు నవ్వే రోజు ఏడాదికొక్కటి మిగిలినప్పుడు, ఆ నవ్వించినవాడు తన తాతతో పండుగ ఎట్లా చేసుకొన్నాడో చెప్పటం వృథా కాలక్షేపం కాదు.

మన సంగతి చూద్దాము. తెలుగు టీవీలో సంక్రాంతి వచ్చినా ఉగాది వచ్చినా హంగులకు లోటు లేదు. పట్టుబట్టలు కట్టిన నటులు, కాగితపు చెరకుగడలు, ప్లాస్టిక్ అరిటాకులు, ఆటలు, నృత్యాలు. కాని ఆ నటుడి ఇంటి పండుగ గురించి నిజమైన మాట ఒక్కటి వినబడదు. మనకు హాస్యం తెలియదా? 2001 నుంచి 2007 దాకా ఆదరణ పొందిన 'అమృతం' ఉన్నది కదా. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు ధరించినా, ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఒక్కడే నిలిచి నవ్వించాడు. 2018లో ఆయన పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడినవారిని ఎరుగుదును. ఆయన ఇంట సంక్రాంతి ఎట్లా జరిగేదో సావధానంగా అడిగి విన్న కార్యక్రమం ఒక్కటైనా నా కంటబడలేదు.

కనుక వ్యాఖ్యాతలకు నా విన్నపం. మీకు ఇష్టమైన పిండివంట ఏమిటన్న ప్రశ్నను దయచేసి విరమించండి. దాని బదులు మూడు ప్రశ్నలు అడగండి. పండుగనాడు మీ ఇంట అందరికంటె ముందు లేచేదెవరు? అందరికంటె చివర తినేదెవరు? ఈ యేడు ఎవరి పీట ఖాళీగా ఉన్నది? నటుడు నిజం చెబితే చూసేవారి కళ్ళు చెమరుస్తాయి. ఆ తరువాత అతడు వేసే హాస్యపు వేషానికి వారు మునుపటికంటె గట్టిగా నవ్వుతారు. శూద్రకుడు ఇది ఎరిగే, తన సూత్రధారుడిని ఖాళీ కడుపుతో వేదిక ఎక్కించాడు.

బ్లాగ్మిత్రులు ఏకీభవించనక్కరలేదు. వ్యాఖ్యలో వాదానికి దిగినా సంతోషమే. కాకపోతే ఆ మూడు ప్రశ్నలకూ మీ మీ ఇళ్ళ జవాబులు ముందుగా వ్రాసి, ఆపైన వాదించవలసిందని కోరుతున్నాను.