కొండల నడుమ వైఫై

చుట్టూ గాలికొండ, సుంకరిమెట్ట. అరకు లోయలో టవర్ దగ్గరే ఉన్నా, కొండ అడ్డొస్తే సిగ్నల్ అందదు. అందుకే సిమ్ వేసే 4జీ రౌటర్ కొనేముందు ఇంట్లోవాళ్ల ఫోన్లతో ఏ కంపెనీ సిగ్నల్ ఏ కిటికీ దగ్గర బాగుందో చూసుకోవాలి. రౌటర్‌కు అదే చోటు.

ఇంటికి ఫైబర్ వస్తే డ్యూయల్ బ్యాండ్ రౌటర్ మేలు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువే గానీ, మందపాటి గోడలు దాటేసరికి నీరసిస్తాయి. వెనక గదికి 2.4 గిగాహెర్ట్జే దిక్కు.

కరెంటు పోయినా పిల్లల పాఠం ఆగకూడదంటే, అడాప్టర్ మీద రాసిన వోల్టేజీకి సరిపోయే చిన్న యూపీఎస్ ఉండాలి. ఉరుములు మొదలైతే మాత్రం పాఠం సంగతి తర్వాత, ముందు ప్లగ్గు తీసేయాలి. ఎంత ఖరీదైన రౌటరైనా పిడుగుకు లోకువే!