అచ్యుతాపురం న్యూట్రాన్లలో బొబ్బిలికీ వాటా కావాలి

బొబ్బిలి గ్రోత్ సెంటర్ ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేసులకు మాంగనీసు కొత్త కాదు. గరివిడి, చీపురుపల్లి వైపు ఆ ఖనిజాన్ని 1890ల నుంచీ తవ్వుతున్నారు. ఆ మాంగనీసు గురించే విజయనగరం జిల్లా పిల్లలకు తప్పక తెలియాల్సిన సంగతి ఒకటుంది. 1949లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో క్లిఫర్డ్ షల్, శామ్యూల్ స్మార్ట్ చల్లబరిచిన మాంగనీస్ ఆక్సైడ్ పొడి మీదికి న్యూట్రాన్లను పంపి, అందులో పరమాణువుల అయస్కాంత దిశలు ఒకదానికొకటి ఎదురుగా బారులు తీరి ఉన్నాయని తేల్చారు. షల్‌కు 1994లో నోబెల్ వచ్చింది.

అలాంటి ప్రయోగానికి శుభ్రమైన కిరణం కావాలి. రియాక్టర్ గొట్టంలోంచి అన్నీ కలిసే వస్తాయి: భారజలంలో నెమ్మదించి సెకనుకు సుమారు 2.2 కిలోమీటర్లు పోయే థర్మల్ న్యూట్రాన్లు, వేగం తగ్గకుండా తప్పించుకొచ్చిన ఫాస్ట్ న్యూట్రాన్లు, గామా కిరణాలు. కావలసినవి మొదటివే. అందుకే దారిలో సిలికాన్, క్వార్ట్జ్, బిస్మత్ లాంటి ఏకస్ఫటికాన్ని ఫిల్టర్‌గా అడ్డు పెడతారు. వరస తప్పని స్ఫటికంలోంచి థర్మల్ న్యూట్రాన్లు చాలావరకు చెదరకుండా దాటిపోతాయి. ఫాస్ట్ న్యూట్రాన్లు కేంద్రకాలను విడివిడిగా ఢీకొని పక్కకు పోతాయి. గామాను ఆపడంలో బరువైన బిస్మత్ దిట్ట.

మామూలు వేడిలో స్ఫటికంలోని పరమాణువులు వణుకుతుంటాయి. ఆ వణుకు మంచి న్యూట్రాన్లనూ కొంత చెదరగొడుతుంది. ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరిస్తే వణుకు తగ్గి అవి ఎక్కువగా దాటుతాయి. ఫాస్ట్ న్యూట్రాన్లకు అడ్డు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ద్రవ నైట్రోజన్ అంటే మరేదో కాదు, పశువుల ఆసుపత్రిలో ఎద్దు వీర్యం భద్రపరిచే క్యాన్లలో ఉండేదే.

ఈ వణుకు లెక్కలు ఉత్తరాంధ్రకు పాతవే. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. టి. వెంకటరాయుడుతో కలిసి, ఆ వణుకును లెక్కగట్టడానికి పనికొచ్చే గ్రూపు సిద్ధాంతం మీద 1948లో పుస్తకం తెచ్చారు.

నేడు మన విద్యార్థికి న్యూట్రాన్ కిరణం కావాలంటే ముంబయి ట్రాంబేకి, 1985లో మొదలైన 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్‌కి వెళ్లాలి. దాన్ని నడిపే భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) రెండో ప్రాంగణం అచ్యుతాపురం దగ్గర రూపుదిద్దుకుంటోంది. అక్కడ కొత్త పరిశోధన రియాక్టర్ కట్టాలన్నది ప్రణాళిక. దాని గురించి ఈ ప్రాంతంలో మాట్లాడుకునేది భూముల గురించి, ఉద్యోగాల గురించి, రేడియేషన్ భయం గురించి. ఆ ప్రశ్నలకు జవాబు రావాల్సిందే. వాటి పక్కనే మరో కోరిక బలంగా వినిపించాలి: రియాక్టర్ కిరణాన్ని వాడుకునే సమయంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడకూ నికరమైన వాటా.

ఫిల్టర్ల పని అందుకు మంచి మొదలు. స్ఫటికాన్ని మామూలు వేడిలో ఒకసారి, చల్లబరిచి ఇంకోసారి పరీక్షించి ఎన్ని న్యూట్రాన్లు దాటాయో కొలవడం ఎమ్మెస్సీ విద్యార్థులు చేయగల ప్రాజెక్టే. వాక్యూమ్ పాత్ర, నైట్రోజన్ గొట్టాలు బొబ్బిలి వర్క్‌షాపుల్లో తయారు చేయించవచ్చు. అయితే ఫిల్టర్ రియాక్టర్ గోడ మందంలోనే కూర్చోవాల్సి రావచ్చు; కాంక్రీటు పోశాక దానికి చోటు దొరకడం కష్టం. విశ్వవిద్యాలయాలు బార్క్ తలుపు తట్టాల్సింది డ్రాయింగులు ఖరారు కాకముందే.