క్యాసెట్లు గుజిరీకి వేయకండి

పోయిన నెల ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు మంచం కిందున్న ట్రంకు పెట్టె బయటికి లాగినాము. పైన పాత బట్టలు, మిల్లు గేటు పాసు, వాటి కింద ఒక చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు. మా కోడలు ఒకటి చేతిలోకి తీసుకొని, "మామా, ఇవి ఇంకెవరు వింటారు? గుజిరీకి వేసేదా?" అని అడిగింది. ఆ పిల్ల తప్పేం లేదు. మా ఇంట్లో టేపు రికార్డరు మూలపడి పదిహేనేళ్ళు దాటింది.

"రెండు దినాలు ఉండనీమ్మా" అని చెప్పి, పక్క వీధిలో ఒకాయన దగ్గర పనిచేసే టేపు రికార్డరు ఉంటే అడిగి తెచ్చినాను. మొదటి క్యాసెట్టు పెట్టగానే మా నాయన గొంతు వినిపించింది. కువైట్‌లో ఉన్న మా తమ్మునికి పంపడానికని మాట్లాడిన క్యాసెట్టు అది. తమ్ముడు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చి ఇంట్లో పెట్టినాడు. "ఒరే చిన్నోడా, ఈడ అందరం బాగుండాము. నువ్వు ఎండలో పని జాగ్రత్త" అంటుండగానే వెనకాల మిల్లు సైరను మోగింది. మా నాయన మాట ఆపి, "టైమైంది, మిగతాది మీయమ్మ చెప్తాది" అని లేచిపోయినాడు. చెప్పులు వేసుకొన్న చప్పుడు కూడా ఉంది. నేను, మా కోడలు ఇద్దరమూ అట్లే కూర్చుండిపోయినాము.

గోధుమరంగు రిబ్బను మీద ఒక మనిషి గొంతు ఇన్నేళ్ళు ఎట్ల నిలిచింది, అసలు ఈ రిబ్బను ఎక్కడ పుట్టింది? ఈ నెల దాని గురించే రాస్తున్నాను. ఆ కథలో యుద్ధముంది, దుర్మార్గముంది. చివరికి అది మన ఇళ్ళ దాకా వచ్చింది.

జర్మనీలో డ్రెస్డెన్ అనే ఊరు. అక్కడ ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ అనే ఆయన సిగరెట్ల చివర బంగారు రంగు పట్టీ అంటించే పద్ధతి కనిపెట్టి ఉండినాడు. కాగితం మీద లోహపు పొడి నిలిచినప్పుడు ఇనుప పొడి ఎందుకు నిలవదు అనుకొన్నాడు. 1928లో కాగితపు రిబ్బనుకు జిగురుతో ఇనుప పొడి పట్టించి పేటెంటు తీసుకొన్నాడు. మనకు ఇది కొత్త సంగతేం కాదు. మిల్లులో సైజింగు డిపార్టుమెంటులో పడుగు నూలుకు గంజి పట్టించినట్టే. గంజి బదులు ఇనుము, నూలు బదులు కాగితం.

శబ్దాన్ని అయస్కాంతంలో దాచే ఆలోచన అంతకు ముందే ఉంది. డెన్మార్కులో పౌల్సెన్ అనే ఇంజనీరు 1898లోనే ఇనుప తీగ మీద మాట పట్టినాడు. కానీ తీగ మెలికపడితే అంతే సంగతులు. రిబ్బనయితే కత్తెరతో కత్తిరించి మళ్ళీ అంటించుకోవచ్చు.

ఫ్లాయిమర్ దగ్గర నుంచి ఏఈజీ అనే కరెంటు సామాన్ల కంపెనీ 1932లో హక్కులు తీసుకొంది. మిషను ఆ కంపెనీ చేసింది. లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్‌ఎఫ్ రసాయనాల ఫ్యాక్టరీ కాగితం బదులు ప్లాస్టిక్కు రిబ్బను చేసింది. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో జనానికి చూపించినారు. మిషను పేరు మాగ్నెటోఫోన్. అయితే మొదట్లో దాంట్లో బుస్‌మనే శబ్దం ఎక్కువ. మాట వినడానికి పనికొచ్చేది గానీ సంగీతానికి చాలేది కాదు.

1940లో బెర్లిన్ రేడియోలో పనిచేసే వాల్టర్ వెబర్, ఫాన్ బ్రౌన్‌మ్యూల్ అనే ఇంజనీర్లు దాన్ని సరిచేసినారు. ఆంప్లిఫయరులో వచ్చిన ఒక లోపం వల్ల చెవికి వినిపించనంత వేగంగా ఊగే కరెంటు రికార్డింగులో కలిసిందనీ, రికార్డింగు పాడవుతుందనుకొంటే అద్దంలా స్పష్టంగా వచ్చిందనీ చెప్తారు. కారణం సులభంగా చెప్తాను. జల్లెడలో పిండి పోసి ఊరికే పట్టుకొంటే పిండి రాలదు. జల్లెడను తడుతూ ఉంటే సన్నగా, సమంగా రాలుతుంది. టేపు మీది ఇనుప రేణువులూ అంతే. చిన్న శబ్దానికి అవి కదలవు. ఆ వేగమైన కరెంటు వాటిని తడుతూ ఉంటే మెల్లని మాట కూడా వాటి మీద సరిగ్గా పడుతుంది. తర్వాత వచ్చిన మంచి టేపు రికార్డర్లన్నీ ఈ పద్ధతి మీదే నడిచినాయి.

ఇంత మంచి వస్తువు ఎవరి చేతిలో ఉండింది? హిట్లరు ప్రభుత్వం రేడియో చేతిలో. ఉపన్యాసాలు, కచేరీలు ముందే టేపు మీద పట్టి, తర్వాత అప్పుడే జరుగుతున్నట్టు వినిపించేవాళ్ళు. ఇంగ్లండులో ఉన్న జాక్ మలిన్ అనే అమెరికా సైన్యం ఇంజనీరు, అర్ధరాత్రి దాటినాక కూడా జర్మనీ రేడియోలో పెద్ద వాద్య బృందం వాయించడం విన్నాడు. గ్రామఫోను ప్లేటయితే గరగరమని తెలిసిపోతుంది, నాలుగైదు నిమిషాలకొకసారి మార్చాలి. ఇందులో ఆ జాడే లేదు. రాత్రి రెండు గంటలకు ఇంతమందిని కూర్చోబెట్టి వాయిస్తున్నారా అని ఆశ్చర్యపోయినాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మనం కార్మికులం కాబట్టి. టేపు చేసిన ఆ ఫ్యాక్టరీ అప్పుడు ఐజీ ఫార్బెన్ అనే పెద్ద కంపెనీలో భాగం. అదే ఐజీ ఫార్బెన్ ఆష్విట్జ్ పక్కన సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ కడుతూ ఖైదీలను చావుదాకా పని చేయించింది. యుద్ధం తర్వాత 1947లో ఆ కంపెనీ పెద్దలను న్యూరెంబర్గ్‌లో కోర్టుకు ఎక్కించినారు. ఒక మిషను గొప్పతనం చెప్పుకొనేటప్పుడు, దాన్ని చేయించినవాళ్ళు పనివాళ్ళను ఎట్ల చూసినారో కూడా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

యుద్ధం చివరి రోజుల్లో బెర్లిన్‌లో గీజెకింగ్ అనే పియానో విద్వాంసుని కచేరీ టేపు మీద పట్టినారు. ఆ టేపు మిగిలింది. పియానో మెల్లగా మోగే చోట, వెనకాల విమానాల మీదికి కాల్చే ఫిరంగుల మోత వినిపిస్తుంది. దాన్ని పట్టాలని ఎవరూ అనుకోలేదు, టేపు తనంతట తాను పట్టుకొంది. మా నాయన మాటల వెనక సైరను విన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

1945లో జర్మనీ ఓడిపోయినాక, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర బాడ్ నౌహైమ్‌లోని రేడియో స్టేషనులో మలిన్‌కు ఆ మిషన్లు కనిపించినాయి. రెండు మిషన్లు, యాభై రీళ్ళ టేపు ముక్కలు ముక్కలుగా ఇంటికి పార్సిలు చేసుకొన్నాడు. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్లకు వినిపిస్తే తెర వెనక నిజంగా వాయిస్తున్నారా, టేపా అని తేల్చుకోలేకపోయినారట. బింగ్ క్రాస్బీ అనే పాటగాడికి ప్రతి వారం రేడియోలో నేరుగా పాడడం విసుగు. 1947 నుంచి తన కార్యక్రమం టేపు మీద పట్టించుకొన్నాడు. ఆంపెక్స్ అనే చిన్న కంపెనీకి 50,000 డాలర్లు పెట్టుబడి ఇస్తే, ఆ కంపెనీ 1948లో అమెరికా టేపు మిషన్లు తెచ్చింది. జర్మనీ పేటెంట్లను యుద్ధంలో గెలిచినవాళ్ళు స్వాధీనం చేసుకొన్నారు కాబట్టి అడ్డం చెప్పేవాళ్ళు లేరు. తర్వాత అదే ఇనుప పొడి సూత్రంతో వీడియో టేపు వచ్చింది, కంప్యూటరు లెక్కలు దాచే టేపు వచ్చింది.

మన చేతికి వచ్చింది మాత్రం 1963లో. హాలండు కంపెనీ ఫిలిప్స్‌లో లూ ఆటెన్స్ అనే ఇంజనీరు బృందం ఆ పెద్ద రీళ్ళను జేబులో పట్టే డబ్బాలోకి దించింది. దాన్ని మొదట చూపించింది కూడా బెర్లిన్ రేడియో ప్రదర్శనలోనే. జర్మనీ మిషనులో టేపు సెకనుకు 77 సెంటీమీటర్లు పరుగెత్తేది, క్యాసెట్టులో ఐదు సెంటీమీటర్లు కూడా పోదు. అందుకే ఒక పక్క అరగంట, ముక్కాలు గంట పట్టింది. తర్వాత ఫిలిప్స్ ఆ నమూనా హక్కులకు డబ్బు అడగకపోవడంతో ప్రపంచమంతా చేసింది.

ఆ తర్వాతిది మీకూ తెలుసు. 1974లో మన బెంగళూరులోనే మొదలైన లహరి కంపెనీ తెలుగు, కన్నడ పాటల క్యాసెట్లు ఇంటింటికీ చేర్చింది. గ్రామఫోను కొనలేని ఇళ్ళలో కూడా ఘంటసాల గొంతు తెల్లవారుజామునే మోగింది. కానీ నా లెక్కలో అంతకన్నా పెద్ద సంగతి ఆ ఎర్ర బటను. గ్రామఫోను వినిపించేదే గానీ మన మాట వినేది కాదు. క్యాసెట్టు మన మాట విన్నది. బిన్నీ, మినర్వా, రాజా మిల్లుల్లో పనిచేసిన మన అమ్మానాయనల్లో చాలామందికి జాబు రాయడం రాదు. కడప నుంచి, చిత్తూరు నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫుకు పోయినవాళ్ళకు ఇళ్ళ నుంచి జాబు బదులు క్యాసెట్టు పోయేది. అబద్ధాలు ప్రచారం చేసే ప్రభుత్వం చేతిలో పెరిగిన వస్తువు, అక్షరం రాని తల్లి చేతిలో జాబయింది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. డబ్బాలో రెండో క్యాసెట్టు మీద "అమ్మ, ఉగాది" అని నా చేతిరాతే ఉంది. మా నాయన "మిగతాది మీయమ్మ చెప్తాది" అన్నాడే, ఆ మిగతాది అందులో ఉంటుందని ఆశగా పెట్టినాను. సినిమా పాటలు వచ్చినాయి. కుర్రతనంలో ఖాళీ క్యాసెట్టు కొనే డబ్బుల్లేక నేనే దాని మీద పాటలు ఎక్కించినాను, ఇప్పుడు గుర్తొచ్చింది. మాటను స్పష్టంగా పట్టే ఆ వేగమైన కరెంటే, గట్టిగా ఇస్తే పాత మాటను చెరిపేస్తుంది. రెండు పక్కలా తిప్పి చివరిదాకా విన్నాను. పాటకూ పాటకూ మధ్య సందులో కూడా మా అమ్మ లేదు.

అందుకే చెప్తున్నాను. మీ ఇంట్లో క్యాసెట్లుంటే పారేయకండి. పాటలవి పోయినా ఎక్కడైనా దొరుకుతాయి. చేత్తో పేరు రాసినవి, పేరే రాయనివి వేరే తీసి పెట్టండి. క్యాసెట్టు వెనక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్కు రేకులుంటాయి. వాటిని విరిచేస్తే ఎర్ర బటను నొక్కినా దాని మీద రికార్డు కాదు. ముందు ఆ పని చేయండి. ఎండలో, స్పీకరు పక్కన, తేమ గోడకు ఆనించి పెట్టొద్దు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే వెంటనే వేయకండి, మిషనులో చుట్టుకొని తెగిపోతుంది. తెలిసినవాళ్ళకు చూపించండి. బాగున్నవాటిని కూడా మొదట ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. మిల్లులో కండె బిగుతు సరిగ్గా లేకపోతే నూలు తెగినట్టే ఇదీ తెగుతుంది. టేపు రికార్డరు హెడ్డును దూదికి స్పిరిటు తడిపి తుడవండి.

తర్వాత ఇంట్లో పిల్లలను పిలవండి. టేపు రికార్డరుకూ కంప్యూటరుకూ వైరు కలిపి ఎక్కించడం వాళ్ళకు పెద్ద పని కాదు. అదీ కుదరకపోతే, ఫ్యాను ఆపి, కిటికీ మూసి, టేపు రికార్డరు పక్కన ఫోను పెట్టి రికార్డు చేసినా చాలు. రెండు చోట్ల దాచండి. ఎవరి గొంతు, ఏ ఏడు, ఏ ఊరు అని రాసి పెట్టండి. ఆ గొంతు గుర్తుపట్టేవాళ్ళు ఉన్నప్పుడే రాయాలి.

మా కోడలు ఆ డబ్బాలోవన్నీ ఒక ఆదివారం కూర్చొని ఫోనులోకి ఎక్కించింది. మొత్తం పద్దెనిమిది. వాటిలో మా ఇంటివాళ్ళ గొంతులున్నవి ఏడు. ఏడో దాంట్లో పండగ పూట ఎవరెవరో మాట్లాడుకొంటుంటే, దూరంగా వంటింట్లో నుంచి ఒక ఆడమనిషి "ఒరే, అన్నం చల్లారిపోతాంది, రాండి" అని అరిచింది. అంతే, ఇంకోమాట లేదు. మా కోడలు వెనక్కి తిప్పి, "ఎవరు మామా?" అని అడిగింది.

కాగితం తీసుకొని "మా అమ్మ" అని రాయించినాను.