వెలుగుకు రంగులద్దిన గాజు

చిత్రకారుడు గోడమీదనో, గుడ్డమీదనో రంగు పూస్తాడు. దానిపై పడిన వెలుగు వెనుదిరిగి చూపరి కంటిని చేరుతుంది. రంగు గాజు గవాక్షం తీరు వేరు. వెలుగు ఆ గాజు గుండా సాగి, దాని రంగును తనతోపాటు లోపలికి తీసుకువస్తుంది. ఉదయపు నీలం మధ్యాహ్నపు నీలం కాదు. రాత్రివేళ లోపలివారికి అది నల్లని పలక మాత్రమే. ఈ సంగతిని విస్మరించి రంగు గాజును కేవలం అలంకార సామగ్రిగా భావించడం వల్లనే ఆ కళకు అన్యాయం జరుగుతున్నది.

తెలుగునేలపై ఈ కళకు గొప్ప నిదర్శనం మెదక్ చర్చి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కరవుకాలంలో పేదలకు పని కల్పిస్తూ నిర్మింపజేసిన ఈ మందిరం 1924 డిసెంబరు 25న ప్రారంభమయింది. దీని శిఖరం ఎత్తు 175 అడుగులు. అయినా చూపరులను ఎక్కువసేపు నిలిపివేసేవి లోపలి మూడు గవాక్షాలే. వాటిని రూపొందించినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. క్రీస్తు ఆరోహణ దృశ్యం 1927లోను, జనన దృశ్యం 1947లోను, సిలువ దృశ్యం 1958లోను అమరాయి. రాజవంశీయుల చిత్తరువులతో పేరు పొందిన ఈ చిత్రకారుడు చిన్ననాడు తన అన్నగారి గాజు పనిశాలలో పని నేర్చినవాడు. ఆ శిక్షణ లేనిదే ఎంతటి చిత్రకారునికైనా గాజు లొంగదు.

గాజు కరిగి ఉన్నపుడే దానికి రంగు పట్టిస్తారు. కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా, లేశమాత్రం బంగారం చేరితే కెంపువన్నె వస్తాయి. చిత్రానికి తగినట్లు ముక్కలు కోసి, ముఖకవళికలను, వస్త్రాల మడతలను నల్లని వర్ణంతో గీసి కొలిమిలో కాలుస్తారు. దానితో ఆ గీత గాజుకు శాశ్వతంగా అంటుకొంటుంది. పిదప ముక్కలను సీసపు పట్టీలలో బిగించి అతుకుతారు. దూరం నుండి చూచినపుడు ఆ పట్టీలే బొమ్మకు రూపురేఖలవుతాయి. అతుకును దాచవలసిన లోపంగా కాక చిత్రంలో గీతగా మార్చుకోవడం ఈ కళాకారుల నేర్పు.

గాజు శతాబ్దాల పాటు నిలుస్తుంది, సీసం నిలువదు. సుమారు నూరేళ్ళకు పట్టీలు బలహీనపడతాయి. అప్పుడు గవాక్షాన్ని దించి, ముక్కలు విడదీసి, కొత్త సీసంతో తిరిగి కూర్చాలి. మెదక్ గవాక్షాలలో మొదటిది ఆ వయస్సుకు చేరువయింది. ఫ్రాన్సులోని షార్త్ర్ మందిరంలో మధ్యయుగాల నాటి గవాక్షాలను 1939లో, యుద్ధభయం వల్ల, ఊడదీసి భద్రపరచి, యుద్ధానంతరం తిరిగి అమర్చారు. పని తెలిసిన చేతులు ఉన్నందువల్లనే అది సాధ్యమయింది.

ఆ చేతులకు పని ఎక్కడ దొరకాలి? నేడు పూజగది తలుపునకు, మెట్లదారి కిటికీకి రంగుల ప్లాస్టిక్ పొర అతికించి, అదే గాజుచిత్రమని తృప్తిపడడం పరిపాటి అయింది. ఖరీదు తక్కువన్న వాదం నిజమే. కాని ఆ పొర కొన్నేళ్ళ ఎండకే వెలిసిపోతుంది. పెద్ద గవాక్షమే పెట్టించాలన్న నియమం ఎవరికీ లేదు. ఎండ పడే చోట మూరెడు గాజుపలక చాలు. పూర్వపు మేడలలో తలుపులపైన అర్ధచంద్రాకారంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అద్దాలు బిగించేవారు. వాటిలో బొమ్మలు లేవు. అయినా మధ్యాహ్నవేళ నేలమీద రంగుల ముగ్గు పరచేవి. గాజు అనే మాటతోనే చేతి ఆభరణాన్నీ పిలుచుకొనే జాతికి ఆ మోజు సహజమే.

ఆ మేడలు ఇప్పుడు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. వాటి అద్దాలను పగులగొట్టి పారవేయడం కంటె సేకరించి, లలితకళల కళాశాలలకు ఇవ్వడం మేలు. గాజు కోత, సీసపు అతుకు నేర్చుకొనే విద్యార్థులకు అంతకంటె తగిన సామగ్రి కొన్నా దొరకదు.