నాగరికతకు కొలబద్ద పూడికతీత



హంపీ చూచి వచ్చినవారు విరూపాక్షుని గోపురమును, విఠలస్వామి గుడిలోని రాతి రథమును తలచుకొని "మన పెద్దలది ఎంత గొప్ప నాగరికత!" అని మురియుట పరిపాటి. ఆ మాటను నేను కాదనను. కాని కట్టినదానిని మాత్రమే చూచి నాగరికతను కొలిచిన చాలదనియు, కట్టినదానిని ఎవరు, ఎన్నాళ్లు కాపాడుకొనిరో కూడ చూడవలెననియు నా మనవి.

మొదట అది ఎంత సున్నితమైనదో చూతము. కృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు బాటసారి డొమింగో పాయిస్ ఈ పట్టణము తనకు రోమా నగరమంత కనబడినదని వ్రాసినాడు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధము ఒక్క రోజులో తేలిపోయినది. తరువాత కొన్ని నెలలు దోపిడి జరిగినది. దొరతనము పెనుగొండకు తరలినది. విజయనగరము మరల తల యెత్తలేదు. రాబర్టు స్యూయెల్ అను ఇంగ్లీషు అధికారి 1900లో దాని చరిత్రను ప్రకటించినప్పుడు ఆ పుస్తకమునకు "మరచిపోయిన సామ్రాజ్యము" అని పేరు పెట్టినాడు. గోడలు రాతివే, నేటికిని ఉన్నవి. కాని గోడలు పట్టణము కావు గదా! కావలివాడు, లెక్క వ్రాయువాడు, తూనికరాళ్లు సరిచూచువాడు, తూము తెరచువాడు ఒక్కసారి లేచిపోయినచో ఎంతటి పట్టణమైనను పాడుబడును.

అయితే అదే చోట చావనిది ఒకటి ఉన్నది. అవి తుంగభద్రకు ఆనకట్టలు కట్టి విజయనగర ప్రభువులు త్రవ్వించిన కాలువలు. హంపీ శిథిలముల నడుమనే తుర్తు కాలువ నేటికిని పారుచున్నది. అక్కడి అరటితోటల పచ్చదనము దాని చలువయే. మా హోసపేట మీదుగా పోవు బసవన్న కాలువయు ఆనాటిదే. కాలువగట్టు గోపురము కన్న గట్టిది కాదు. నాలుగేండ్లు పూడిక తీయనిచో తుంగ మొలిచి మూసుకొనిపోవును. మరి నవాబులు పోయి, కుంఫిణీ వచ్చి, కలెక్టర్లు వచ్చి, ఇన్ని దొరతనములు మారినను అది ఎట్లు నిలిచినది? రైతులు పార పట్టుకొని కాలువలో దిగినారు. నీరుగంటి వంతు తప్పక మడులకు నీరు వదలినాడు. గోపురము కట్టించినవానికి శాసనమున్నది, పూడిక తీసినవానికి లేదు. అయినను నిలిచినది వాని పనియే.

సర్కారు కొలువులో గుమాస్తాగా నేను చూచినదియు ఇదియే. కొత్త కట్టడమనగా శంకుస్థాపన, శిలాఫలకము, పూలదండలు. మరమ్మతుల పద్దు అనగానే "వచ్చే సంవత్సరము చూతము" అని కాగితము తిరిగి వచ్చును. రాయలవారి తలపు ఇట్టిది కాదు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, దేశము చిన్నదైనను కుంటలు, కాలువలు ఏర్పరచి, పేదరైతునకు పన్నులో వెసులుబాటు కలిగించినచో సంపద పెరుగునని ఆయన చెప్పినాడు.

ఈ సంగతి పాతకాలపుది మాత్రమే కాదు. 1953లో పూర్తియైన తుంగభద్ర డ్యామునకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. ఏ శత్రుసైన్యమును దండెత్తి రాలేదు. తెగినది ఒక్క గొలుసు. మూడు రాష్ట్రముల ఆయకట్టు రైతులకు కంటిమీద కునుకు లేదు. పదవీ విరమణ చేసిన ఇంజనీరు కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో పనివారు ఉరుకుచున్న నీటిలోనే ఇనుప పలకలు దింపి సుమారు వారము దినములలో ఆ కంతను మూసినారు. మన బ్రతుకు ఎంత సన్నని ఆధారము మీద నిలిచియున్నదో ఆ గొలుసు చూపినది. ఆ ఆధారమును నిలుపునది ఎవరో ఆ పనివారు చూపినారు.

అట్లయిన శిల్పమునకు, కవిత్వమునకు విలువ లేదా యని కొందరడుగవచ్చును. ఎందుకు లేదు? కాని అవియు ఈ నియమమునకు లోబడినవే. పెద్దన మనుచరిత్రను అంకితము పొందిన ప్రభువు లేడు, ఆయన పట్టణము లేదు, కావ్యము మాత్రము ఉన్నది. తాటాకు కొన్ని వందల యేండ్లకు మించి నిలువదు. పాత ఆకు చివికిపోవుటకు ముందే కొత్త ఆకు మీద ఎత్తి వ్రాసిన లేఖకులు ఉండుటచేత అది మనకు దక్కినది. అదియు పూడికతీతయే.

ఇక మన సంగతి. హోసపేట, బళ్లారి, హోసూరు, బరంపురము వంటి చోట్ల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచున్నారు. చదువుట, వ్రాయుట రానివారు అనేకులు. బడిలో ఆ రాష్ట్రపు భాష, ఇంగ్లీషు నేర్చుట అవసరమే, దానికి ఎవరిమీదను కోపము లేదు. కాని తాతగారి ఉత్తరమును మనుమడు చదువలేని యిల్లు పూడిన కాలువ వంటిది. పైన నీరున్నను మడికి అందదు.

మన సంఘములు ఉగాదికి సన్మానములు చేయుచున్నవి, రాయలవారి విగ్రహములకు చందాలు వసూలు చేయుచున్నవి. చేయనిండు. ఆ చందాలలో నాల్గవ వంతు తీసి, ఆదివారము పూట ఒక గంట పిల్లలకు అక్షరములు నేర్పువారికిని, ఉన్న గ్రంథాలయముల చెదలు దులుపుటకును వినియోగింపవలెనని సంఘముల పెద్దలను కోరుచున్నాను. దానికి శిలాఫలకము ఉండదు. కాలువ మాత్రము పారును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా
హోసపేట