“ఆట సరే బాబూ, ఉద్యోగం ఏంటి?”

మా చిన్నాయన కొడుక్కి ఇరవై ఎనిమిదేళ్ళు. కోయంబత్తూరులో ఒక కాలేజీ టీముకి బాస్కెట్‌బాల్ కోచ్. పొద్దున అయిదున్నరకి గ్రౌండులో ఉంటాడు, ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. మొన్న మదురై నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి అడిగిందొకటే: “ఆట సరే బాబూ, ఉద్యోగం ఏంటి?” మేమందరమూ నవ్వేసినాము. వాడు నవ్వలేదు.

ఆ నవ్వుకి సిగ్గుపడి ఇది రాస్తున్నాము.

వాడు ఊరికే ఈల పట్టుకొని నిలబడలేదు. బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. చదివి, పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసినాడు. అయినా ఏడాది కాంట్రాక్టే. కాలేజీలో నిలకడైన పోస్టు ఫిజికల్ డైరెక్టరుది. దానికి నెట్ పరీక్ష, పద్ధతి ఉన్నాయి. కోచ్‌కి అట్లాంటి మెట్లు లేవు. టీము ఓడితే మాట పడేది మాత్రం వాడే.

పిల్ల తండ్రి భయం తప్పు కాదు. కానీ మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేవాళ్ళవీ కాంట్రాక్టు ఉద్యోగాలే. దాన్ని ఎవరూ ఆట అనలేదు.

అమెరికాలో బ్రాడ్ స్టీవెన్స్ 2000లో ఎలీ లిల్లీ మందుల కంపెనీ ఉద్యోగం వదిలి, బట్లర్ యూనివర్సిటీ టీములో కింది మెట్టున చేరినాడు. 2007లో, ముప్పై ఏళ్ళకే హెడ్ కోచ్. 2010, 2011లో టీముని జాతీయ ఫైనల్‌కి తీసుకుపోయి రెండుసార్లూ ఓడినాడు. అయినా 2013లో బోస్టన్ సెల్టిక్స్ పిలిచి కోచ్‌ని చేసింది. గెలుపోటములు కాదు, పని చూసినారు.

మనకి ఇది కొత్త కాదు. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదోది ధర్మానికి పెట్టినారు. ఆ పి.ఎస్.జి. పేరు మీదే ఈ ఊర్లో అఖిల భారత బాస్కెట్‌బాల్ ట్రోఫీ జరుగుతుంది. మనమంతా పిల్లాజెల్లాతో పోయి చప్పట్లు కొడతాము. ఆ ఆట నేర్పేవాడు మనింటి గడప ఎక్కితే మాత్రం ఉద్యోగం ఏంటంటాము.

కాలేజీ కమిటీల్లో మనవాళ్ళు చానామంది ఉన్నారు. వాళ్ళని అడిగేది ఇదే: కోచ్‌కి కనీసం మూడేళ్ళ కాంట్రాక్టు ఇవ్వండి. ఒక బ్యాచి చేరి, బయటికి పోయేదాకా అయినా వాడు నిలవాల గదా.

ఇండ్లలో ఉన్న మనం చేయాల్సింది ఇంకా చిన్నది. మదురైకి మేమే ఫోను చేసినాము. “ఒకరోజు పొద్దున గ్రౌండుకి రండి, అబ్బాయి పని చూడండి, తర్వాత చెప్పండి” అన్నాము. వస్తామన్నారు.