ఒక్క ప్రతియే ఉన్న పత్రము లేనిదానితో సమానము

వర్తకుడు తన లెక్కను ఒక్కచోటనే వ్రాసి నిశ్చింతగా నిద్రింపడు. చిట్టాలో ఎక్కినది ఆవర్జాలోను ఎక్కవలెను. ఒకటి తడిసినను, చెదలు తినినను, రెండవదానిని బట్టి లెక్క తేల్చుకొనవచ్చును. దుకాణములో ఇంత జాగ్రత్త చూపు మనము సంఘము పత్రముల విషయమున ఏమి చేసితిమి?

తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములనుండి పాత దస్తావేజులు, వీలునామాలు, వంశవృక్షములు, తెలుగు బడుల రిజిష్టర్లు తెప్పించి, స్కాను చేసి, అసలు ప్రతులను తిరిగి ఇచ్చి, నకళ్లను సంఘము కంప్యూటరులో దాచితిమి. ఆ కంప్యూటరులో ఉన్న డిస్కు ఒక్కటే. గడచిన వానకాలమున అది చెడిపోయినది. పదిదినములు గడువకముందే మన వీధిలోని ఒక వృద్ధురాలు వచ్చి, “నాయనా, ఇంటిలోనికి నీరు వచ్చి మా మామగారి దస్తావేజు పాడైనది, మీయొద్ద నకలు ఉన్నదిగదా” అని అడిగెను. ఆమెకు ఏమి చెప్పుటకును నాకు నోరు రాలేదు. ఒక డిస్కు చాలునని కార్యవర్గమున చేయి ఎత్తినవారిలో నేనును ఒకడను. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇప్పుడు క్రొత్త కంప్యూటరు కొని లినక్సు ఎక్కింపదలచితిమి. ఈసారియు పెద్ద డిస్కు ఒకటి కొన్న చాలునని కొందరి అభిప్రాయము. నా అభిప్రాయము అది కాదు. సాధారణమైన డిస్కులు రెండు కొని, లినక్సు ఎక్కించునపుడే వానిని రెయిడ్ పద్ధతిలో జంటగా కూర్పవలెను.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కునకు బదులు చవుక డిస్కులను సముదాయముగా కూర్చి, ఒకటి చెడినను పని నడచునట్లు చేయవచ్చునని అందలి సారాంశము. ఆ కూర్పులో పలు తరగతులు కలవు. సున్న తరగతిలో వేగమేగాని రక్షణ లేదు. ఒక డిస్కు పోయిన సర్వము పోవును. ఒకటవ తరగతిలో వ్రాసిన ప్రతి అక్షరము రెండు డిస్కులమీదను పడును. ఐదవ తరగతికి కనీసము 3 డిస్కులు కావలెను; అందు ఒకదాని చోటు రక్షణకు పోవును. మనవంటి చిన్న సంఘమునకు ఒకటవ తరగతియే తగినది. 4 టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టినచో మనకు దక్కు చోటు 4 టెరాబైట్లే.

దీనికొరకు ప్రత్యేకమైన కార్డు కొననక్కరలేదు. లినక్సులోనే ఈ ఏర్పాటు కలదు. కూర్పు వివరములు ఆ డిస్కులమీదనే వ్రాయబడియుండును గనుక, కంప్యూటరు చెడినను డిస్కులను వేరొక లినక్సు యంత్రమునకు తగిలించి చదువుకొనవచ్చును. కార్డును నమ్మినచో, అది చెడిననాడు దానికి సరిపడు కార్డుకొరకు వెదకవలసివచ్చును.

లినక్సు ఎక్కించువారు గమనింపవలసినవి కొన్ని కలవు. డిస్కును విభజించు ఘట్టమున మార్గదర్శి చూపిన సులువు దారి పట్టక, స్వయముగా విభజించుదారి ఎన్నుకొనవలెను. రెండు డిస్కులమీదను సమానమైన భాగములు చేసి, వానిని రెయిడ్‌కు కేటాయించి, ఒకటవ తరగతి కూర్పు చేసి, దానిమీద ఫైలుసిస్టము నిలుపవలెను. యంత్రము మేల్కొనుటకు కావలసిన ఈఎఫ్ఐ భాగము మాత్రము ఈ కూర్పునకు వెలుపల, ఒక్కొక్క డిస్కుమీద ఒక్కొక్కటి ఉండవలెను. బూట్‌లోడరును రెండింటిమీదను ఎక్కింపవలెను. ఇది మరచినచో, మొదటి డిస్కు పోయిననాడు రెండవదానిలో పత్రములన్నియు ఉండియు యంత్రము లేవదు. ఈ పనులు తరువాతను చేయవచ్చును గాని, అప్పటి శ్రమ పదింతలు.

పత్రములు ఎక్కింపకమునుపే పరీక్ష చేయవలెను. విద్యుత్తు ఆపి, ఒక డిస్కు తీగ విప్పి, యంత్రము లేచునేమో చూడవలెను. పిదప దానిని మరల కూర్పులో చేర్చి, రెండవదానిని అట్లే పరీక్షింపవలెను. ఎమ్‌డిస్టాట్ అను ఫైలులో రెండు ‘యు’లు కనబడిన రెండు డిస్కులును క్షేమము, ఒక ‘యు’ ప్రక్కన గీత కనబడిన ఒకటి పోయినదని అర్థము. జంటలో ఒకటి పోయినను పని ఆగదు గనుక ఎవరును గమనింపరు. అదియే ప్రమాదము. వారమున కొకసారి చూచుటకు ఒక యువకుని పేరు వ్రాతమూలకముగా నియమింపవలెను.

“రెండింటి ధర పెట్టి ఒకదాని చోటు పొందుట నష్టముగదా” అని అడుగువారు కలరు. దుకాణమునకు అగ్నిబీమా కట్టి, ఆ యేడు నిప్పంటుకొనలేదని విచారించిన వర్తకుని నేను చూడలేదు.

అయినను ఒక హెచ్చరిక. జంట డిస్కులు డిస్కు చావునుండి మాత్రమే కాపాడును. పొరపాటున ఒక దస్తావేజు చెరిపిన, అది రెండింటిమీదను అదే క్షణమున చెరిగిపోవును. దొంగ వచ్చినను, నిప్పు వచ్చినను రెండును కలిసియే పోవును. కావున వారమున కొకసారి మూడవ నకలు తీసి, సంఘభవనములో గాక వేరొక సభ్యుని ఇంట ఉంచవలెను.

పరరాష్ట్రమున మన భాషకును, మన బడికిని హక్కు అడుగబోవునపుడు అధికారి మొదట అడుగునది కాగితమే. ఆ కాగితమును మనలను నమ్మి అప్పగించిన కుటుంబములకు మనము ధర్మకర్తలము. రాబోవు సమావేశమున రెండవ డిస్కునకును, మూడవ నకలునకును అయ్యెడు వ్యయమును సభ్యులు ఆమోదింపగోరుచున్నాను. ఆ వృద్ధురాలికి చెప్పలేకపోయిన మాట ఇంకొకరికి చెప్పవలసిన దినము రాకుండుగాక.